అమర్చేటప్పుడు ఆకురాయితో సరిచేయాలి

2023 ఆగస్టు 13

మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. అబ్బాయి హైదరాబాదు నుంచి పంపాడు. మూత తీసి భోజనాల బల్ల మీద ఒక్కొక్కటే పరిచాను. బోఫోర్స్ 40 మి.మీ. విమాన విధ్వంసక గన్ను, అసలు దానిలో ముప్పై అయిదో వంతు. పచ్చటి ప్లాస్టిక్ ఫ్రేములకు అతుక్కుని వందకు పైగా ముక్కలు, అగ్గిపెట్టెంత ఇత్తడి రేకు, నల్లటి టైర్లు నాలుగు, లేత్ మీద తీసిన అల్యూమినియం బారెల్ ఒకటి. కొన్ని ముక్కలైతే బియ్యపు నూకంత ఉన్నాయి.

"ఇవన్నీ ఇక్కడ పరిస్తే కంచాలెక్కడ పెట్టుకోవాలండీ?" అంది మా ఆవిడ. సాయంత్రానికి కిటికీ పక్కనున్న పాత కుట్టు మిషను బల్ల ఖాళీచేసి నాకిచ్చింది.

రాత్రి వెర్నియర్ తీశాను. వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు నా చేతిలో ఉన్న పనిముట్టు. బారెల్ 64.3 మి.మీ. వచ్చింది. ముప్పై అయిదుతో హెచ్చవేస్తే 2,250. అసలు గన్ను బారెలూ అంతే. అక్కడే ఇంకో సంగతి తేలింది. దీన్ని ఎల్-60 అంటారు, అంటే బారెల్ పొడవు గొట్టం వ్యాసానికి అరవై రెట్లని. 2,250ని 40తో భాగిస్తే వచ్చేది యాభై ఆరు చిల్లర. ఆ పేరు ఎన్నిసార్లు చదివానో, ఎప్పుడూ భాగించి చూడలేదు.

ఆగస్టు 20

కింది వాటాలోని మాస్టారు వచ్చారు. బోఫోర్స్ అనగానే 1987 నాటి ఫిరంగుల లంచాల గొడవ ఎత్తారు. కంపెనీ అదే గానీ ఫిరంగి వేరండీ, అది 155 మి.మీ. హోవిట్జర్, నేల మీద కొట్టేది, ఇది అంతకు యాభై ఏళ్ల ముందుది అని చెప్పాను. కంపెనీది స్వీడన్‌లో కార్ల్‌స్కూగా అనే ఊరు. తమ నౌకాదళం అడిగితే ఆ కంపెనీ 1920ల చివర్లో ఈ గన్ను పని మొదలుపెట్టింది. 1937లో బ్రిటన్ తీసుకుంది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో రెండు పక్షాలూ దీన్నే వాడాయి. జర్మన్లు చేజిక్కినవాటిని తమ దళాలకు ఇచ్చుకున్నారు. జపాన్ వాళ్లు సింగపూర్‌లో బ్రిటిష్ వాళ్ల దగ్గర పట్టుకున్నవాటిని చూసి నకలు తీశారు. మన పాత విక్రాంత్ మీద ఉన్నవీ 40 మి.మీ. బోఫోర్స్ గన్నులే.

మాస్టారు బారెల్‌ను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. వెళ్లేటప్పుడు, పూర్తయ్యాక పిలవమన్నారు.

సెప్టెంబరు 3

గన్ను నిలిచే పీట పూర్తయిందనుకున్నాను. అద్దం పలక మీద పెట్టి వేలితో నొక్కితే టకటకమంది. ఒక పాదం గాల్లో ఉంది.

అసలు గన్నుకు ఇది చిన్న లోపం కాదు. లారీ వెనక లాక్కొచ్చాక చక్రాలు పైకి లేపి, పీటను నేలకు దించి, పక్క చేతులు రెండూ విప్పి, నాలుగు కొసల్లో స్క్రూ జాకీలు తిప్పి మట్టం చూసుకోవాలి. రెండు టన్నుల బరువు ఆ నాలుగు పాదాల మీద కుదురుగా కూర్చోవాలి. పీట ఒరిగి ఉంటే గన్ను తిరిగే కొద్దీ గురి జారిపోతుంది.

షాపులో చేసినట్టే చేశాను. అద్దానికి నీలం పలచగా పూసి, పీటను ఆనించి ఎత్తాను. మూడు పాదాలకు అంటింది, నాలుగోదానికి లేదు. అంటినచోట సన్న ఆకురాయితో రెండు తోపులు, మళ్లీ నీలం, మళ్లీ ఆకురాయి. మూడు గంటలు పట్టింది. ఆఖరికి నాలుగు పాదాలకూ నీలం అంటినప్పుడు కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

ఎక్కడో చదివిన సంగతి గుర్తొచ్చింది. 1941లో ఈ గన్ను డ్రాయింగులు అమెరికాలో క్రైస్లర్ ఇంజనీర్ల చేతికొచ్చాయి. కొలతలన్నీ మెట్రిక్‌లో ఉన్నాయి. గీసిన పద్ధతి ఫస్ట్ యాంగిల్, వాళ్లకు అలవాటైంది థర్డ్ యాంగిల్. వాటినైనా మార్చుకోవచ్చు. చాలా భాగాల పక్కన ఒక సూచన రాసి ఉంది: అమర్చేటప్పుడు ఆకురాయితో సరిచేయాలి. చివరి వెంట్రుకవాసిని స్వీడన్ వాళ్లు ఫిట్టరు చేతికి వదిలేశారన్నమాట. అలా చేసిన గన్నులో భాగం ఇంకో గన్నులో పట్టదు. యుద్ధానికి వేల గన్నులు కావాలి. అందుకని అమెరికన్లు ప్రతి డ్రాయింగునూ మళ్లీ గీశారు, ఏ భాగం ఏ గన్నుకైనా పట్టేలా. క్రైస్లర్ ఒక్కటే దాదాపు 60,000 గన్నులు, 1,20,000 బారెళ్లు చేసింది.

వాళ్లు చేసింది సరైన పనే. బర్మా అడవిలో గన్ను మొరాయిస్తే కార్ల్‌స్కూగా నుంచి ఫిట్టరు రాలేడు కదా. కానీ ఆ సూచన చదివిన రోజే ఈ గన్ను నాకు దగ్గరైంది. నేను ఐటీఐలో నేర్చిందీ ఫస్ట్ యాంగిలే. మొదటి నెలంతా మా ఇన్‌స్ట్రక్టరు నా చేతికి ఓ ఇనుప దిమ్మ ఇచ్చి, పన్నెండంగుళాల బాస్టర్డ్ ఫైలుతో మూలమట్టానికి తెమ్మన్నారు. ఆయన మాటిమాటికీ గుణ్యం ఆనించి దీపానికి ఎదురుగా పట్టి చూసేవారు. సందులోంచి వెలుతురు కనబడితే దిమ్మ నా చేతికి తిరిగొచ్చేది. ముప్పై నాలుగేళ్లలో ఎన్ని పడవల కవాటాలు సరిచేశానో లెక్క లేదు. ఆ పని ఒక డ్రాయింగు మీద, అంత దూరాన ఉన్న దేశంలో, అక్షరాల్లో రాసి ఉందని ఇంతకాలం తెలియదు.

సెప్టెంబరు 24

గుండ్లు పడే యంత్రం ఈ వారమంతా పట్టింది. నాలుగేసి గుండ్లు ఒక క్లిప్పులో ఉంటాయి. మనిషి పక్కన నిలబడి పైనుంచి క్లిప్పు దించుతాడు. గన్ను పేలగానే బారెల్ వెనక్కి తన్నుతుంది. ఆ కదలికతోనే తలుపు దిమ్మ కిందికి జారుతుంది, ఖాళీ తొడుగు వెనక్కి ఎగిరి, కింది దోనెలోంచి జారి గన్ను ముందు పడుతుంది, కొత్త గుండు లోపలికెళ్తుంది. బయటి శక్తి ఏదీ అక్కర్లేదు, తన తన్ను తనకే పనికొస్తుంది. నిమిషానికి 120 గుండ్లు. అంటే ప్రతి రెండు సెకన్లకూ ఓ క్లిప్పు పడాలి. క్లిప్పు బరువు ఎనిమిది కిలోల పైమాటే. పాలకేను ఎత్తినట్టు రెండు సెకన్లకోసారి ఎత్తుతూ ఉండాలి, పైన విమానం ఉండగా.

నా గుండు పొడవు పదమూడు మి.మీ. లోపే. పదహారు గుండ్లకు ఇత్తడి రంగు వేశాను.

గురి చూసే వలయం పట్టకారులోంచి ఎగిరిపోయింది. ఆవిడ లైటార్పి టార్చిని నేలకు ఆనించి పట్టుకుంది. బీరువా కింద నీడ పడి దొరికింది.

అక్టోబరు 22

మనవడు దసరా సెలవులకొచ్చాడు. "విమానం కనబడుతుంటే దానికే గురిపెట్టి కొట్టొచ్చు కదా తాతా?" అన్నాడు.

టేపు తీసుకుని వీధిలోకి వెళ్లాం. పదిహేను వందల మీటర్ల దూరంలోని విమానం మన లెక్కలో 43 మీటర్లు. మా గేటు నుంచి పాల బూత్ దాటి కరెంటు స్తంభం దాకా వచ్చింది. గుండు గొట్టం వదిలేటప్పుడు సెకనుకు 850 మీటర్ల పైచిలుకు పోతుంది, తర్వాత గాలికి మందగిస్తుంది. అక్కడికి చేరేసరికి రెండు సెకన్లు దాటుతుంది. విమానం సెకనుకు వంద మీటర్లు పోతుంటే ఆలోగా రెండొందల మీటర్లు జరిగిపోతుంది. మన స్కేలులో దాదాపు ఆరు మీటర్లు. "స్తంభం దగ్గర నించుని, రోడ్డుకు అడ్డంగా ఆరు మీటర్లు నడువు" అన్నాను.

"గోడ అడ్డొచ్చింది తాతా, ఇంకా ఉంది!" అని అరిచాడు అవతలి నుంచి.

గన్ను చూడాల్సింది ఆ గోడ వెనక్కి. ఏమీ లేనిచోటికి గురిపెట్టాలి. ఆ చోటు లెక్కకట్టడానికే బ్రిటిష్ సైన్యంలో కెరిసన్ అనే అధికారి ప్రెడిక్టర్ తయారుచేశాడు. పళ్ల చక్రాలు, ఇరుసులతో లెక్కచేసే ఇనప్పెట్టె. దాంట్లోంచి వచ్చే సంకేతాలతో మోటార్లే గన్నును తిప్పేవి. మంచి యంత్రమే గానీ దాన్ని నిలబెట్టి సిద్ధం చేయడానికి సమయం కావాలి. హఠాత్తుగా విమానం మీదికొస్తే కంటికి, చేతికి మించిన సాధనం లేదు.

రాత్రి పడుకునేటప్పుడు వాడికి మా నాన్న సంగతి చెప్పాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ర్యూజో అనే విమాన వాహక నౌక మీంచి వచ్చి విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. నాన్నకు అప్పుడు పదేళ్లు. విశాఖ వన్‌టౌన్‌లో మేడ మీది నుంచి చూశారు. మొదట అందరూ మనవేననుకున్నారట. మర్నాడు తెల్లారకముందే మూటలు కట్టుకుని, ఇంటికి తాళం వేసి, భీమిలి వైపు చుట్టాలింటికి నడిచిపోయారు. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంకి నాన్నను ఓసారి తీసుకెళ్లాను. అక్కడ ఆ రోజుల నాటి జపాను బాంబు ఉంది. ఆయన గది గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. ఆఖరి రోజుల్లో కూడా విమానం చప్పుడు వినబడితే పైకి చూసేవారు కాదు, ముందు మెట్లెక్కడున్నాయో చూసేవారు.

"అప్పుడు మన గన్ను ఉంటే?" అన్నాడు వాడు.

"ఉన్నా, ఆ ఆరు మీటర్లు ఎవరో చూడాలి నాన్నా" అన్నాను. నిద్రపోయాడో లేదో తెలియదు.

డిసెంబరు 5

మిచౌంగ్ తుపాను ఇవాళ బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ విశాఖలోనూ ఒకటే వాన. మొన్న తొందరపడి చెమ్మగాలిలోనే మెరుపు చంపే వార్నిషు కొట్టాను. పొద్దున చూస్తే ముదురుపచ్చ మీద పాలపొరలా తెల్లగా తేలింది. నాలుగు నెలల పని. దూదిపుల్లను స్పిరిటులో ముంచి కొద్దికొద్దిగా తుడిచాను. రంగూ లేచింది, రెండుచోట్ల ప్లాస్టిక్ బయటపడింది. పాదాల కింద నేను ఆకురాయి పట్టిన గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. గాలి పొడిబారేదాకా బల్ల మీద గుడ్డ కప్పి ఉంచాను.

2024 జనవరి 14

భోగి. మంట చల్లారాక మాస్టారిని పిలిచాను. రంగు ఈసారి బాగా కుదిరింది. ఇంఫాల్ మైదానంలో, 1944లో, బురదలో ఈడ్చుకెళ్లిన గన్నులా ఉండాలని టైర్లకు, పాదాలకు మట్టిరంగు దిద్దాను.

పెట్టెలో మనుషుల బొమ్మలు లేవు. రెండు పక్కలా రెండు ఆసనాలున్నాయి, ఒక్కోటి నా చిటికెన వేలి గోరంత. ఒక మనిషి పక్కలకే తిప్పుతాడు. ఇంకొకడు ఎత్తూ పల్లం మాత్రమే చూస్తాడు. ఎవరి గురి వాళ్లది, విమానం ఒక్కటే. వాళ్లలో ఒకడు తడబడితే రెండోవాడు ఎంత సరిగా పట్టినా లాభం లేదు. సూచనల కాగితంలో గన్నును కదలకుండా అతికించేయమని ఉంది. నేను అతికించలేదు. ఇరుసులను ఆకురాయితో సన్నంచేసి, గన్ను తిరిగేలా, లేచేలా పెట్టాను.

మనవడు పక్కన కూర్చుని వేలితో గన్నును తిప్పుతున్నాడు. నేను పుల్లతో బారెల్ ఎత్తుతున్నాను. అంతలో నేవీ విమాన స్థావరం డేగా వైపు నుంచి విమానం చప్పుడు. "తాతా, అదిగో!" కిటికీలోంచి కనబడింది. ఇద్దరం దాని వెంట పడ్డాం. వాడు తొందరగా తిప్పాడు, నేను ఆలస్యంగా ఎత్తాను. విమానం కిటికీ చట్రం దాటి సముద్రం మీదికెళ్లిపోయింది. మా బారెల్ ఇంకా వేపచెట్టు కొమ్మ దగ్గరే ఉంది.