తెరుచుకోని కాయితం



ఈసారి గోడపత్రికకు నన్ను కంప్యూటరు గురించి ఒక వ్యాసం రాయమన్నారు. కంప్యూటరు గొప్పతనం గురించి అందరూ రాస్తారు. నేను మా కాలనీ అర్జీ మా అక్క ట్యాబులో తెరుచుకోకపోతే దాన్ని ఎట్టా తెరిచామో రాస్తాను. మీ ఇళ్ళ దగ్గర కూడా ఇట్టాంటిది జరిగి ఉంటది.

వేమూరు దగ్గర కాలవ కట్ట మీద మావి 27 ఇళ్ళు. అన్నీ యానాదులవే. మగోళ్ళు వరి చేలల్లో ఎలకల బుట్టలు పెడతారు, కాలవలో చేపలు పడతారు. ఆడోళ్ళు నాట్లకు, కలుపులకు పోతారు. మా తాత, "మనం అనాది నుంచీ ఉన్నోళ్ళం, అందుకే మనల్ని యానాదులు అన్నారు" అని చెప్తాడు. ఆ మాట చెప్పేటప్పుడు నడుం నొప్పి ఉన్నా నిటారుగా కూచుంటాడు. మా కట్ట మీద పదో తరగతి పాసయింది మా పెదనాయన కూతురు ఒక్కతే. ఆమె తర్వాత ఇంత దాకా వచ్చింది నేనే. కాబట్టి మందు సీసా వచ్చినా, కరెంటు బిల్లు వచ్చినా, బస్సు బోర్డు కనపడినా మా ఇద్దరినే పిలుస్తారు. మా అమ్మకు నేను ఇంటికొస్తే సంతోషమే గానీ, నాకన్నా ముందు కాయితాలు తీసి ముందర పెడుతుంది.

నిరుడు మా పెద్దోళ్ళంతా కలిసి ఒక అర్జీ పెట్టారు. ఇళ్ళ స్థలాలు ఇవ్వమని, పిల్లలకు కుల ధ్రువీకరణ పత్రాలు ఇప్పించమని. దాన్ని టౌనులో ఒక డీటీపీ షాపులో కొట్టించారు. పెదనాయన నోటితో చెప్తుంటే షాపాయన టకటకా కొట్టాడంట. కింద ఒక పట్టీ ఉంది. వరస నంబరు, ఇంటి పెద్ద పేరు, ఇంట్లో ఎంతమంది, కులం, ఆఖర్న వేలిముద్ర. 27 మంది వేలిముద్రలు వేశారు. ఆ కాయితంలో ఏముందో వేసినవాళ్ళలో ఒక్కరూ చదవలేదు. చదవగలిగిన నేను అప్పుడు ఇక్కడ హాస్టల్లో ఉన్నా, అక్క కాలేజీలో ఉంది.

సోమవారం అర్జీల రోజున పోయి ఇచ్చి వచ్చారు. మా దగ్గర ఉంచుకున్న కాపీ వానలకు కప్పు కారి తడిసి ముద్దయింది. కొన్నాళ్ళకు, మళ్ళీ ఒకసారి అర్జీ పెట్టుకోండి, పాతది కూడా జత చెయ్యండి అన్నారు. నాయన షాపుకు పోతే ఆయన పాపం డబ్బులు కూడా అడక్కుండా ఫైలును అక్క ట్యాబుకు పంపాడు. మంచోడే.

ఆ ట్యాబు గురించి కూడా చెప్పాలి. 2022 డిసెంబర్ 21న మన పక్కనే చుండూరు మండలం యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇవ్వడం మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం 4,59,564 మంది పిల్లలకు, 59,176 మంది టీచర్లకు అని అప్పుడు లెక్క చెప్పారు. ఆ లెక్కలో మా అక్క ఒకతి. మా కట్ట మీదకు వచ్చిన మొదటి పెద్ద తెర అదే. మూల ఒక చోట పగిలింది, అయినా పనిచేస్తుంది. అక్క దాన్ని పాత లంగా గుడ్డతో కుట్టిన సంచిలో పెడుతుంది.

దసరా సెలవులకు నేను ఇంటికి పోయిన రోజు సాయంత్రం అందరూ మా వాకిట్లో కూచున్నారు. నాయన, "చదవమ్మా, మనం ఏం రాయించామో ఒకసారి విందాం" అన్నాడు. ఫైళ్ళు రెండున్నాయి. మొదటిది నొక్కితే, ఈ ఫైలును తెరవడం కుదరదు అని వచ్చింది. రెండోది తెరుచుకుంది. కానీ అందులో తెలుగు లేదు. ఇంగ్లీషు కూడా కాదు. పైన రెండు చుక్కలున్న ఏ, తోకున్న సీ, డాలరు గుర్తు, పౌండు గుర్తు, మధ్యలో కామాలు. చీమల పుట్ట తొక్కినట్టుంది. మా నాయనమ్మ తొంగి చూసి, "ఇది ఆఫీసరోళ్ళకు మాత్రమే అర్థమయ్యే రాతేమో లేవే" అంది. అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. ఆయన నా మొహం చూస్తున్నాడు. ఏడేళ్ళు హాస్టల్లో పెట్టి చదివిస్తే మన సొంత అర్జీ చదవలేకపోతుందా అని ఆయన అనలేదు గానీ నాకు అట్టానే వినపడింది.

మా మేనమామ కొడుకు ఫైలు పేరు చివర ఉండే తోక మార్చి చూశాడు. పీఎండీ అని ఉన్నదాన్ని పీడీఎఫ్ అని మార్చాడు. అప్పుడూ తెరుచుకోలేదు. డబ్బా మీద పంచదార అని రాసినంత మాత్రాన లోపలున్న ఉప్పు తియ్యగా అవుద్దా?

నిద్ర పట్టక ఆ రాత్రి ఆ పిచ్చి అక్షరాలనే చూస్తూ కూచున్నా. ఒకటి కనపడింది. అంకెలు మాత్రం అంకెల్లానే ఉన్నాయి. 1 నుంచి 27 దాకా వరస ఉంది. ప్రతి వరసలో చివర ఒకే గుత్తి వస్తోంది. అవే గుర్తులు, అదే వరస. అది కులం గడి కాబట్టి ఆ గుత్తి 'యానాది' అయి ఉండాలి అనుకున్నా. పలక మీద ఆ గుత్తిని రాసుకుని ఒక్కో వరసకూ పోల్చుకుంటూ పోయా. 11వ వరసలో ఆ గుత్తి లేదు. వేరేది ఉంది, కొంచెం పొట్టిది. 19వ దాంట్లో గుత్తి ఉంది గానీ చివర ఇంకో రెండు గుర్తులు ఎక్కువున్నాయి. 11 ఎవరిదో నాయన్ని అడిగితే వేళ్ళ మీద ఇళ్ళు లెక్కపెట్టి, "మీ పిన్నమ్మది" అన్నాడు.

హాస్టలుకు వచ్చేటప్పుడు ఆ ఫైళ్ళు ఎక్కించిన మెమరీ కార్డును జామెట్రీ బాక్సులో పెట్టుకుని తెచ్చి వార్డెన్ మేడమ్‌కు చూపించా. మేడమ్ కంప్యూటర్ సార్‌కు ఇప్పించారు. ఆదివారం సార్ కంప్యూటర్ గదిలో కూచోబెట్టి చెప్పారు. నాకు అర్థమయినట్టు మీకు చెప్తాను.

కంప్యూటరుకు అక్షరాలు తెలవవు, నంబర్లే తెలుసు. ఒక్కో అక్షరానికి ఒక నంబరు. మన డీటీపీ షాపుల్లో చాలామంది అను అనే తెలుగు ఫాంట్లు వాడతారు. అందులో తెలుగు అక్షరాలకు సొంత నంబర్లు లేవు. ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీదే తెలుగు బొమ్మలు కూచోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరు ఆ నంబరుకు తెలుగు బొమ్మ గీస్తుంది. ఫాంటు లేని ట్యాబు అదే నంబరుకు ఇంగ్లీషు గుర్తు గీస్తుంది. మన పెట్టెల మీద నంబర్లు ఉన్నాయి కదా. 32 అంటే మన హాస్టల్లో నేను. ఇంకో హాస్టల్లో 32 అని పిలిస్తే ఇంకో అమ్మాయి లేస్తుంది. అదీ సంగతి.

ఈ చిక్కు లేకుండా ప్రపంచంలో ఉన్న లిపులన్నిటికీ వేరు వేరు నంబర్లు ఇచ్చే పద్ధతి యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గదులు. అ 3077, క 3093, య 3119. 'యానాది' అంటే గుణింతపు గుర్తులతో కలిపి ఆరు నంబర్లు. 'యాదవ' అంటే నాలుగే. ఈ లెక్క నేను నోటు పుస్తకంలో వేసుకున్నా.

మొదటి ఫైలు ఇంకో రకం. అది పేజ్‌మేకర్‌లో చేసింది. పేజ్‌మేకర్ 1985లో వచ్చింది, 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్తది రాలేదు. దాని ఫైలును ట్యాబు తెరవలేదు. దాన్ని చేసిన కంప్యూటరు దగ్గరికే పోయి పీడీఎఫ్‌గా మార్పించుకోవాలి. పీడీఎఫ్ అయితే అక్షరాల బొమ్మలను తనతోపాటే మోసుకొస్తుంది కాబట్టి ఎక్కడైనా అట్టానే కనపడుతుంది.

రెండో ఫైలులో ఉన్నదాన్ని సార్ అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఒక కన్వర్టరులో వేశారు. ఒక్క నొక్కు నొక్కితే తెలుగు వచ్చింది! వత్తులు కొన్ని విరిగినయి, కొన్ని చోట్ల కొమ్ములు ఎగిరిపోయినయి. అయినా చదవొచ్చు. మా తాత పేరు, నాయన పేరు తెర మీద తెలుగులో చూసి నాకు గుండె దడదడలాడింది.

19వ దాంట్లో 'యానాదులు' అని ఉంది. దాంతో నష్టమేం లేదు. 11వ దాంట్లో 'యాదవ' అని ఉంది.

చెప్పేది వినేటప్పుడు పొరపాటు పడ్డాడో, చెయ్యి ముందుకు పోయిందో. రెండు మాటలూ మొదట ఒకటే కదా. కానీ యాదవులు బీసీలు, మనం ఎస్టీలు. మా పిన్నమ్మ కూతురు ఇప్పుడు ఐదు చదువుతోంది. వచ్చే ఏడు దాన్ని మన హాస్టల్లో చేర్చాలి. దానికి కులం సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ ఇప్పించమని పెట్టిన అర్జీలోనే కులం తప్పుంటే, విచారణకు వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? అది కూడా పిన్నమ్మ వేలిముద్ర పక్కనే ఉంది. ఆమె ఒప్పుకున్నట్టే కదా. తర్వాత ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు పిన్నమ్మకు చెప్తే చాలాసేపు తన బొటనవేలు చూసుకుంది. "నేను యానాదినని చెప్పే వేశా గదమ్మే" అంది.

సోషల్ సార్‌కు నా పలక సంగతి చెప్తే ఆయన భలే విషయం చెప్పారు. బ్రాహ్మీ లిపిని ఒకప్పుడు ఎవరూ చదవలేకపోయారంట. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆయన సాంచీ రాళ్ళ మీది చిన్న చిన్న శాసనాలు చూస్తుంటే, చాలావాటి చివర ఒకే అక్షరాలు వస్తున్నాయని గమనించాడు. గుడికి ఇచ్చిన రాళ్ళ మీద చివర ఏం రాస్తారు? 'దానం' అని రాస్తారు. అట్టా రెండు అక్షరాలు దొరికి, ఆ తీగ పట్టుకుని మిగతావి లాగాడు. మనకు దగ్గరే, వేమూరు నుంచి రేపల్లె వైపు రైలెక్కితే వచ్చే భట్టిప్రోలులో, 1892లో అలెగ్జాండర్ రీ స్తూపం తవ్విస్తే రాతి పేటికలు దొరికినయి. వాటి మీది రాతను బ్యూలర్ 1894లో చదివి అచ్చు వేశాడు. భాష ప్రాకృతం, కొన్ని అక్షరాలు అశోకుడి శాసనాల్లోవాటికన్నా వేరే ఆకారంలో ఉన్నాయంట. తెలుగు లిపి పుట్టుక గురించి చెప్పేటప్పుడు ఆ రాళ్ళ గురించి తప్పకుండా చెప్తారు. నేను ఆ స్టేషను మీదగా ఎన్నోసార్లు పోయా, జామకాయలు కొనుక్కోవడమే తప్ప దిగి చూడలేదు. సార్ నన్ను ప్రిన్సెప్ అని పిలవడం మొదలుపెట్టారు. మీరు కూడా పిలుస్తున్నారు, అది మాత్రం మానండి.

కట్ట మీద దీని గురించి పెద్ద గొడవయింది. "ఒక్క మాటే గదా, కొట్టేసి పెన్నుతో రాసిద్దాం" అని కొందరు. కొట్టివేతలుంటే అర్జీ మొత్తాన్ని అనుమానిస్తారని పెదనాయన. చివరకు కొత్తగా కొట్టాలనుకున్నారు. సంక్రాంతి సెలవుల్లో అక్కా నేనూ ట్యాబులో తెలుగు కీబోర్డు పెట్టుకుని మొత్తం యూనికోడ్‌లో కొట్టాం. మూడు రోజులు పట్టింది. అక్క తొందరగా కొడుతుంది, నేను తప్పులు పట్టుకుంటాను. తెనాలి రామకృష్ణ పేరుతో ఒక ఉచిత ఫాంటు ఉంది, మన జిల్లా పక్కోడు గదా అని నాకు దాంతో కొట్టాలని ఉండె. అర్జీకి అలంకారాలు వద్దని అక్క మామూలు అక్షరాలే పెట్టింది.

కొట్టాక మొదటిసారి అర్జీని అందరి ముందు గట్టిగా చదివా. ఒక్కో పేరు చదివి ఆగితే ఆ ఇంటోళ్ళు "ఆఁ, సరే" అనాలి. 6వ ఇంట్లో కొత్తగా పుట్టిన పాపను కలిపాం. 22వ ఇంటి తాత చనిపోయాడు, ఆయన పేరు తీసి అవ్వ పేరు రాశాం. తీసేటప్పుడు అవ్వ ఏడ్చింది. పిన్నమ్మ తన వరస మూడుసార్లు చదివించుకుంది. తర్వాత నా చేత నేల మీద ఆ ఒక్క మాట రాయించుకుని పుల్లతో దాని మీద తనూ దిద్దింది.

ఫైలును రెండు రకాలుగా దాచాం. మార్చుకోవడానికి ఒకటి, అచ్చుకు పీడీఎఫ్ ఒకటి. ఫిబ్రవరిలో ఒక సోమవారం ఇచ్చి వచ్చారు, రసీదు ఇచ్చారు. ఇంకా విచారణకు ఎవరూ రాలేదు. రసీదు నంబరు నా తెలుగు వాచకం చివరి పేజీలో రాసుకున్నా.

మీ ఇళ్ళల్లో ఇట్టాంటి ఫైళ్ళు ఉంటే తీసుకురండి, ఆదివారాలు చూద్దాం, సార్ ఒప్పుకున్నారు. ఒకటి గుర్తుపెట్టుకోండి. డీటీపీ షాపులో ఏదన్నా కొట్టిస్తే డబ్బులు ఇచ్చే ముందే పీడీఎఫ్ కూడా ఇవ్వమని అడగండి. పీడీఎఫ్ వచ్చినా, అను ఫాంటుతో చేసిందైతే అందులోంచి మాటలు కాపీ చేస్తే మళ్ళీ చీమల పుట్టే వస్తది. కాబట్టి వీలైతే యూనికోడ్‌లో కొట్టమనండి. కొందరు కుదరదంటారు, అప్పుడు మనమే కొట్టుకుందాం. వేలిముద్రలు మాత్రం గట్టిగా చదివి వినిపించాకే వేయించండి.

ఇట్లు
మీ స్నేహితురాలు,
9వ తరగతి, పెట్టె నంబరు 32