రేకుల ఇంట్ల కిటికీ ఎప్పుడు తెరవాలె?

ఎండాకాలం సెలవుల్లో మేము ముగ్గురం చేసిన ఒక చిన్న పని గురించి రాస్తున్నం. కొంచెం పొడుగ్గ ఉంటది, ఓపికతో చదవండి.

ఎండలు ముదరంగనే ఫోన్లకు ఒక మెసేజ్ వస్తది. పగలు కిటికీలు మూసి పరదాలు వేయండి, రాత్రి తెరవండి అని. వడదెబ్బ మీద ప్రభుత్వం చెప్పే జాగ్రత్తల్లో ఇది ఎప్పుడూ ఉంటది. మా తండాల మాత్రం ఎవరూ పాటించరు. 2015 మే నెల వడగాలులకు ఆంధ్ర, తెలంగాణ కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయిన్రు, కాబట్టి ఇది నవ్వులాట కాదు. మనోళ్లు ఎందుకు వినరో చూద్దామని గోడకు తగిలించే థర్మామీటర్లు రెండు కొన్నం.

మాలో ఒకరిది అచ్చంపేట దిక్కు స్లాబు ఇల్లు. ఇంకొకరిది దేవరకొండ దిక్కు తండాల సిమెంటు రేకుల ఇల్లు. ఒక థర్మామీటరును లోపల మంచమంత ఎత్తుల, గోడకు ఆనకుండ తాడుతో కట్టినం. రెండోది బయట వేపచెట్టు నీడల పెట్టినం. ఎండల పెడితే అది గాలి వేడి చూపియ్యది, ఎండకు తానే కాగిపోతది.

స్లాబు ఇంట్ల మధ్యాహ్నం రెండింటికి బయట 42, కిటికీ మూసిన గదిల 37. కిటికీ తెరిచి అర్ధగంట ఆగితే 39 అయింది. అంటే మెసేజ్ నిజమే. రాత్రి పదింటికి కథ తిరగబడ్డది: బయట 33, లోపల ఇంకా 37. పగలంతా తాగిన వేడిని స్లాబు రాత్రి కక్కుతది. కిటికీ, ఎదురుంగ తలుపు రెండూ తెరిస్తే గంటకు 35కు దిగింది.

రేకుల ఇంట్ల అదే రెండు గంటలప్పుడు బయట 42, మూసిన గదిల 45! రేకు పల్చన, ఎండ వేడి చటుక్కున కిందికి దిగి నెత్తిమీద సెగ కొడుతది. కిటికీ, తలుపు తెరిస్తే 43కు వచ్చింది. మెసేజ్ రాసినోళ్ల మనసుల ఉన్నది స్లాబు ఇల్లు. రేకుల ఇంట్ల పగలు కిటికీ మూసుకుంటే పొయ్యి మీద కూసున్నట్టే. మా యాడి ఈ లెక్క చూసి, "ఇది తెల్వనీకి మిషిన్ కావాల్నా?" అన్నది.

అయితే కిటికీ బయటి గాలిని తెస్తది గానీ బయటికన్న చల్లగ చెయ్యలేదు. 40 దాటినంక ఫ్యాను గాలి ఒంటిని ఇంకా వేడి చేస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. కాబట్టి ఆ వేళకు ముసలోళ్లను, పసిపిల్లలను చెట్టు నీడకు తీస్కపోవుడే మేలు.

ఇగ రాత్రి సంగతి. తెరవాలని అందరికీ తెలుసు. కానీ పాము వస్తదని, దోమలని, ఆడపిల్ల పండుకున్నదని మూస్తరు. రేకుల ఇంటికి ఉన్న ఒక్క కిటికీకి మేము సన్న జాలి కొట్టించినం, ఇప్పుడు రాత్రిళ్లు తెరిచే ఉంటున్నది. హాస్టల్‌లనే అసలు తిప్పలు. మాలో ఒకరుండే ఆడపిల్లల హాస్టల్ (పేరు రాస్తలేం) పై అంతస్తు, నెత్తిమీద స్లాబు, కిటికీలకు బయటినుంచి మేకులు కొట్టిన్రు. భద్రత కోసమట. ఒక్కో గదిల పద్నాలుగు మంది. ఏప్రిల్ పరీక్షలప్పుడు పిల్లలు తడి చున్నీలు కప్పుకొని చదివిన్రు. భద్రతకు ఇనుప జాలి ఉన్నది కదా, మేకులెందుకు?

స్లాబు ఇంటి రాత్రి లెక్కలు జతచేసి, మేకులు తీసి జాలి పెట్టియ్యమని దరఖాస్తు రాసినం. హాస్టల్ తెరవంగనే ఇస్తం. అమ్రాబాద్ దిక్కు పెంటల్ల గడ్డి కప్పు ఇండ్లల్ల ఉండే తమ్ముళ్లు ఎవరన్న ఉంటే చెప్పండి, థర్మామీటర్లు పంపుతం. మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి, తెరిచి ఒకసారి, మూసి ఒకసారి చూసి ఇక్కడ రాయండి.