కాశ్మీరు నమ్దా: బేరమాడే ముందు ఒక్క మాట

బాబు ఉన్ని స్వెట్టరును తెలీక వేడినీళ్లలో వేసి, సబ్బు పెట్టి బాగా రుద్దేశారనుకోండి. ఆరేసరికి అది బొమ్మక్కూడా పట్టనంత చిన్నదైపోయి, అట్టలా బిగుసుకుంటుంది. మన ఇళ్లలో దాన్ని పొరపాటంటాం. కాశ్మీరులో ఉన్నిని కావాలనే అలా బిగిసేలా చేసి, దానిమీద పూలు కుట్టి, నమ్దా అంటారు!

నమ్దా అంటే నేలమీద పరుచుకునే మందపాటి ఉన్ని పరుపు. తివాచీలా ఉంటుంది కానీ నేసింది కాదు. మన గొంగళికైనా ఉన్ని వడకాలి, మగ్గం మీద నేయాలి. దీనికి పడుగూ లేదు, పేకా లేదు.

నేను మొదటిసారి శ్రీనగర్ వెళ్లింది 1987లో, పెళ్లయిన కొత్తలో. దాల్ సరస్సు దగ్గర ఒక దుకాణంలో తెల్లటి నమ్దా మీద చినారు ఆకులు చూసి మనసు పారేసుకున్నాను. బేరమాడడంలో మా అమ్మకి కూతుర్నే కదా! చెప్పిన ధరలో సగానికి దింపి, గొప్పగా ఇంటికి తెచ్చాను. రెండేళ్లకి మాసిందని ఉతికాను. లోపలి దూదంతా ఉండలు కట్టి, అక్కడక్కడ చిరుగులు పడి, కుట్టిన ఆకులు మాత్రం దారాలకు వేలాడుతూ మిగిలాయి. మోసపోయానని చాలాకాలం తిట్టుకున్నాను.

మళ్లీ 2023లో అమ్మాయితో కలిసి వెళ్లాను. మా అమ్మాయి గుంటూరులో ఇంటిపట్టునే జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. ఈసారి జీలం ఒడ్డున పాత ఊరి సందుల్లో, నమ్దాలు తయారుచేసే ఒక పెద్దాయన ఇంటికే వెళ్లాం.

మన దగ్గర దూదేకులవాళ్లు పరుపుల దూదిని ఏకినట్టే, గొర్రె ఉన్నిని ముందు ఏకుతారు. దాన్ని చాపమీద పొరలు పొరలుగా, ఎక్కడా పల్చబడకుండా పరుస్తారు. సబ్బునీళ్లు చిలకరించి, అణిచి, చాపతో సహా చుట్టి తాడు కడతారు. ఆ చుట్టను కాళ్లతో, చేతులతో దొర్లిస్తూ గట్టిగా నొక్కుతారు. మనం అప్పడాల పిండి పిసికినా అంత కష్టం ఉండదు! తర్వాత విప్పి, కడిగి, ఎండలో ఆరేస్తారు. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. తడి, సబ్బు, రాపిడి తగిలేసరికి అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. పత్తి పోగుకు ఆ పొలుసులుండవు. అందుకే దూది కలిపితే పట్టు తగ్గుతుంది. నా పాత నమ్దా ఎందుకలా అయిందో అప్పుడర్థమైంది.

ఆరిన నమ్దా కుట్టేవాళ్ల చేతికి వెళుతుంది. పక్కగదిలో ఒకామె దాన్ని ఒళ్లో వేసుకుని, కొక్కెం ఉన్న సూదితో రంగు ఉన్నిదారం లాగుతూ గొలుసు కుట్టు వేస్తోంది. మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసి, "అమ్మా, ఇది మన మగ్గం సూదే!" అంది. నిజమే, మనం ఆరీ అని పిలిచే సూదే. ఎడమచేత్తో కిందినుంచి దారం అందిస్తుంటే, పైనుంచి సూది లాగుతుంది. మన దగ్గర బట్టను చట్రానికి బిగించి కుడతారు. అక్కడ ఒళ్లోనే. భాష రాకపోయినా ఇద్దరూ ఒకరి సూది ఒకరు తీసుకుని చూసుకున్నారు.

నాకు నచ్చిన నమ్దా ధర చెప్పగానే, అలవాటు కొద్దీ సగం నుంచి మొదలుపెట్టాను. పెద్దాయన కోప్పడలేదు. "తగ్గించొచ్చు బెహన్‌జీ. ఉన్ని తగ్గించి దూది కలపాలి. ఇంకా తగ్గించమంటే కుట్లు దూరం చేయాలి" అన్నాడు. అమ్మాయి నా చెయ్యి నొక్కి, "కంప్యూటర్ వర్క్ అయితే సగానికే వస్తుందిగా అని నాతో బేరమాడేవాళ్లని నువ్వేమంటావమ్మా?" అంది. ఇక నేనేం మాట్లాడతాను?

1998 నుంచి 2008 మధ్య కాశ్మీరు నమ్దాల ఎగుమతి దాదాపు పూర్తిగా పడిపోయింది. మంచి ఉన్ని దొరకకపోవడం, పనివాళ్లు తగ్గడం, అమ్ముకునే దారి తెలియకపోవడం కారణాలు. 2021లో కేంద్ర ప్రభుత్వం శిక్షణ మొదలుపెట్టి, ఆరు జిల్లాల్లో దాదాపు 2,200 మందికి ఈ పని నేర్పించింది. 2023లో ఆ నమ్దాలు బ్రిటన్‌కు బయల్దేరాయి. నేర్చుకున్నవాళ్లు ఈ పని మీద నిలబడాలంటే మాత్రం కొనే మనం కూడా మంచిదేదో తెలుసుకోవాలి.

మీరు కొనేటప్పుడు అడిగి, ఒక పోగు లాగి కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద నలిపితే పొడి అవుతుంది. దూది కాగితంలా కాలిపోతుంది. మెషిన్ మీద వేసిన గొలుసు కుట్లన్నీ ఒకే కొలతలో ఉంటాయి. చేతి కుట్టు మలుపుల దగ్గర కాస్త చిన్నదవుతుంది. మెషిన్‌దని చెప్పి అమ్మితే తప్పేం లేదు. చేతిపని ధరకు మెషిన్‌ది కొనకండి, మెషిన్ ధరకు చేతిపని అడగకండి.

ఇంటికి తెచ్చాక నానబెట్టి ఉతకొద్దు. దులిపి, నీడపట్టున గాలికి ఆరేసి, దాచేటప్పుడు ఎండిన వేపాకు వేయండి.

చేతులు ఊరుకోకపోతే, బజారులో దొరికే ఫెల్టు ముక్కతో మీరే చిన్న ఆసనం కుట్టుకోవచ్చు. ఫెల్టు అంచులు పోగులు రావు కాబట్టి మడిచి కుట్టక్కర్లేదు. వేరే రంగు ఆకులు కత్తిరించి, మెషిన్ మీద కుట్టు పొడవుగా పెట్టి అతికించండి. దగ్గర కుట్లు వేస్తే చిల్లులు పడి చిరుగుతుంది. ఈనెలు మాత్రం చేత్తో గొలుసు కుట్టు వేయండి. ఒక్క ఆకు పూర్తయ్యేసరికి, ఒక నమ్దాకు ఎంత పనో మీ వేళ్లే చెబుతాయి.

మొన్న పక్కింటి వదిన మా హాల్లో నమ్దా చూసి ధర అడిగింది. చెప్పాను.

"అదేంటి వదినా, బేరమాడలేదా?"

"ఆడాను, 1987లో" అన్నాను.