సారనాథ్‌లో ఒక మాట

నేనుండే జంషెడ్‌పూరులో తొలి ఉక్కు 1912లో తయారైనది. సారనాథ్ మ్యూజియం 1910 నాటిది. మా కార్ఖానాకు ఈడైన ఆ భవనంలోని సింహశీర్షం మాత్రం ఇరువదిరెండు శతాబ్దాల నాటిది.

మనవారు కాశిలో గంగాస్నానం చేసి, విశ్వేశ్వరుని సేవించి, కాయో పండో విడిచి మరలిపోతారు. పది కిలోమీటర్ల దూరాన ఉన్న సారనాథ్‌కు తీరిక చిక్కదు. వెళ్ళినవారైనా 1905లో త్రవ్వకాలలో బయల్పడిన ఆ సింహాలను చూచి, నాణెములపై కానరాని నాలుగవదానిని లెక్కించుకొని తృప్తిపడతారు. తల మ్యూజియంలో ఉండగా స్తంభపు మొదలు ఆరుబయటనే విరిగి నిలిచి ఉన్నది. సంఘాన్ని చీల్చిన భిక్షువుకు తెల్లబట్టలు కట్టించి విహారం వెలుపల ఉంచవలెనని అశోకుడు చెక్కించిన శాసనం దానిమీదనే కలదు. అందలి ‘భేతవే’ అనే పదం మన ‘భేదించు’నకు దగ్గరి చుట్టం. అనువాదకుడనైన నన్ను సింహాలకంటె ఆ ఒక్క మాటయే ఎక్కువసేపు నిలబెట్టినది.