పాదరసం పన్ను మార్చేటప్పుడు

మలేసియా తోటల్లో పెరిగి యాభై దాటినవారు ఒకసారి అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి. దవడ పళ్ళలో నల్లటి ముద్ద కనిపిస్తే, అది బడి డెంటల్ నర్సు పెట్టినదే కావచ్చు. ఆ నర్సుల శిక్షణ పినాంగ్‌లో 1949లోనే మొదలైంది. వెండి సిమెంటు అంటాం గాని, బరువులో సగం పాదరసమే. తక్కినది వెండి, తగరం, రాగి.

నాకు అలాంటివి నాలుగు. ఈమధ్య ఒకటి చిట్లింది. చూసిన దంతవైద్యుడు నాలుగూ ఒకేసారి తీసేద్దామన్నారు. మా కోడలు, "మామయ్యా, విషం నోట్లో ఉంచుకుంటారా? నాదీ తీయించేస్తాను" అని పట్టుబట్టింది. అప్పుడామెకు ఆరో నెల. అక్కడే నాకు భయం వేసింది. పెట్టేటప్పుడు, మర పెట్టి తొలిచేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా వస్తుంది. బాగున్న ఫిల్లింగులను వైద్యపరమైన అవసరం లేకుండా తీయించుకోవద్దని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా చెప్పింది. నచ్చజెప్పి ఆపాను.

చిట్లినదాని కోసం మరో వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. పన్ను చుట్టూ రబ్బరు పొర బిగించి, నీళ్ళు కొడుతూ, ఆవిరి లాగేస్తూ, ముక్కలుగా తీశారు. మన పెద్దలు చీకటితో లేచి గీసిన రబ్బరు నా నోటికే కాపలా కాసింది! రబ్బరు పడనివారు ముందే చెప్పండి.

బదులు ఏం పెట్టాలి? తెల్లటి కంపోజిట్ పన్ను రంగులో కలిసిపోతుంది, నీలి వెలుతురుతో గట్టిపడుతుంది. కాని గట్టిపడుతూ కాస్త ముడుచుకుంటుంది. పెట్టేటప్పుడు ఉమ్మి తగిలితే సరిగా అంటుకోదు. చిన్న, మధ్యరకం గుంటలకు నేనైతే అదే అడుగుతాను. గ్లాస్ అయానమర్ తడిని కొంత ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. చిగురు దగ్గరి గుంటకు మంచిది, గట్టిగా నమిలేచోట అరిగిపోతుంది. బంగారం బాగా మన్నుతుంది గాని, ఈనాటి ధరకు దాన్ని మెడలో ఉంచుకోవడమే మేలు.

నా పన్నులో సగానికి పైగా ఫిల్లింగే, మిగిలిన గోడ పలచన. కంపోజిట్ నింపితే గోడ విరగవచ్చని, అచ్చు తీసి, పన్ను పైభాగాన్ని కప్పే పింగాణీ ముక్క అతికించారు. ఖరీదెక్కువే. మీరు వెళ్ళినప్పుడు, ఏ మందు మంచిదని కాక, నా పన్ను గోడ ఎంత మిగిలిందని అడగండి. రబ్బరు పొర వేస్తారా అని కూడా.

తక్కిన మూడూ అలాగే ఉన్నాయి, ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. కోడలి సంగతి బిడ్డ పాలు మానాక చూద్దామన్నారు. మనవడికి ఇప్పుడు నాలుగు పళ్ళు.