హాఫ్ టైమ్ ముందు ఆ రెండు నిమిషాలు

అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఎప్పుడైనా కూర్చున్నారా? హాఫ్ టైమ్‌కు ఇంకా రెండు నిమిషాలుందనగా వాళ్లు రెండు పార్టీలైపోతారు. బంతి పట్టుకుని పరిగెడుతూ గడియారం కరిగించేస్తే చాలంటుంది ఒక పార్టీ. టైముంది కదా, పాస్ విసరండంటుంది రెండోది. నేను రెండో పార్టీ మనిషిని. ఎందుకో చెబుతాను, వినండి.

ఈ ఆటలో పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలిస్తారు. మొదటి క్వార్టర్ ముగిసినా, బంతి ఎవరి చేతిలో ఉందో వాళ్లే రెండో క్వార్టర్‌లోనూ కొనసాగిస్తారు. హాఫ్ టైమ్ దగ్గర అలా కుదరదు. అప్పటిదాకా గెలుచుకున్న గజాలన్నీ పోయి, రెండో సగం కిక్‌ఆఫ్‌తో కొత్తగా మొదలవుతుంది. ఒక్కో సగానికి ఇచ్చే మూడు టైమౌట్లలో మిగిలినవీ పోతాయి. దాచుకుంటే దక్కనిదాన్ని వాడుకోకపోవడం పొదుపెలా అవుతుంది?

దూకుడు కొంప ముంచదా అంటారేమో. ముంచుతుంది. 2009 సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, అరిజోనా జట్టు హాఫ్ టైమ్ ముందు గోల్ లైన్‌కు గజం దూరంలో ఉంది. కర్ట్ వార్నర్ విసిరిన పాస్‌ను పిట్స్‌బర్గ్ ఆటగాడు జేమ్స్ హారిసన్ అందుకుని, నూరు గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చివరికి అరిజోనా 27-23తో ఓడింది.

అయితే మరుసటి ఏడాది సూపర్ బౌల్ చూడండి. ఇక్కడా హాఫ్ టైమ్ ముందే. న్యూ ఆర్లీన్స్ జట్టు ఇండియానాపొలిస్ కంటే 10-3తో వెనకబడి ఉంది. నాలుగో అవకాశం, గోల్ లైన్‌కు గజం దూరం. ఫీల్డ్ గోల్ తంతే మూడు పాయింట్లు దాదాపు ఖాయం. కోచ్ షాన్ పేటన్ టచ్‌డౌన్‌కే వెళ్లాడు. పరుగు ఆగిపోయింది, పాయింటూ రాలేదు. కానీ బంతి దక్కిన ఇండియానాపొలిస్ తన గోల్ లైన్ దగ్గరే ఇరుక్కుపోయింది. పేటన్ మానింగ్ అంతటి పాసర్‌ను పెట్టుకుని కూడా వరసగా మూడుసార్లు పరుగే ఎంచుకుంది. పది గజాలు నిండలేదు, పంట్ చేసి బంతి వదులుకోక తప్పలేదు. మొదటి సగం ముగుస్తుండగా న్యూ ఆర్లీన్స్ 44 గజాల ఫీల్డ్ గోల్ కొట్టింది. వద్దనుకున్న ఆ మూడు పాయింట్లూ అలా వచ్చాయి. రెండో సగం మొదలుపెడుతూనే ఎవరూ ఊహించని ఆన్‌సైడ్ కిక్‌తో బంతి మళ్లీ తనే దక్కించుకుంది. 31-17తో గెలిచింది.

కాబట్టి తెగింపు ఫలించిందా లేదా అన్నదొక్కటే చూసి కోచ్‌ను మెచ్చుకోవద్దు, తిట్టొద్దు. ఎత్తు పారకపోతే బంతి ఎవరికి, ఎక్కడ దక్కుతుందో ముందే లెక్కేసుకున్నాడా అని చూడండి. ఆ లెక్క ఉన్న తెగింపు, భయంతో గడియారం కరిగించడం కంటే ఎప్పుడూ మేలే. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు ఆ రెండు నిమిషాలు మాత్రం టీవీ ముందు నుంచి లేవకండి.