నేర్పువాని పరీక్ష

అనంతపురము మెట్టసీమలో సంఘకాపరిగా నున్న నేను సముద్రములో పడవ నడుపుట నేర్పువారినిగూర్చి వ్రాయబూనుట చూచి చదువరులు నవ్వుకొనవచ్చును. మాకు సముద్రము రోడ్డున మూడు వందల కిలోమీటర్లకు పైబడిన దూరము. సాలునకు 550 మిల్లీమీటర్ల వాన కురిసెనా, మాకది మంచి సంవత్సరమే. వేరుశనగ విత్తి ఆకాశమువైపు చూచుచు కూర్చుండు జనము మేము. మా పిల్లలు ఈత నేర్చునది రాతి కట్టుబావులలో. నడుమునకు ఎండిన సొరబుర్రలు కట్టి, మేనమామయో పెదనాయనయో పైనుండి త్రోసివేయును. పిల్లవాడు రెండు గ్రుక్కలు నీళ్లు త్రాగి, కాళ్లు చేతులు కొట్టుకొని, వారము దినములలో ఈతగాడగును. ఆ మేనమామకు పట్టా ఎవరును ఇయ్యలేదు, చూపుమని ఎవరును అడుగలేదు. ఇప్పుడు ఆ బావులలో అనేకము ఎండిపోయి ముండ్లకంపతో నిండియున్నవి గనుక ఈత రాని తరము పెరుగుచున్నది. అది వేరు సంగతి.

మా సంఘములోని ఒక రైతు కుమారుడు అట్టి బావిలో ఈత నేర్చినవాడే. డిగ్రీ ముగించి బెంగుళూరు పోయి, సాహసక్రీడల యాత్రలు నడుపు ఒక సంస్థలో చేరెను. కొండలెక్కించుట, చెరువులలో చిన్న పడవలు నడిపించుట ఆ సంస్థవారి వ్యాపారము. అక్కడ కయాకు అను పడవ వీని చేతికి బాగుగా పట్టుబడినది. సంస్థవారు కొంతయు తాను కొంతయు వెచ్చించి, దానిని ఇతరులకు నేర్పుటకు తగిన పట్టా కూడ సంపాదించెను. గత క్రిస్మసునకు కొన్ని వారములు ముందుగా ఉద్యోగము పోగొట్టుకొని ఇల్లు చేరెను. ఆదివారపు ఆరాధన ముగిసి అందరును వెళ్లిన తరువాత వాని తల్లి గుడి మెట్లయొద్ద నిలిచియుండెను.

"అయ్యగారూ, మీరన్నా వానికి నాలుగు మాటలు చెప్పల్ల. నెల జీతం వచ్చే పని ఇడిసిపెట్టి వచ్చి ఇంట్లో కూచున్నాడు. ఎందుకురా అంటే సముద్రమంటాడు, గాలంటాడు. మాకేం తెలుస్తుంది? మీ మాటయితే వింటాడు."

ఆ యింట బోరుబావికి చేసిన అప్పు ఇంకను తీరలేదని నేనెరుగుదును. మూడు బోర్లు వేయగా ఒక్కటి మాత్రమే నీరిచ్చినది. ఆ కుమారుని జీతమే వడ్డీ కట్టుచుండెను. పంపుమంటిని.

మరునాటి సాయంకాలము వచ్చి వేపచెట్టు క్రింద కూర్చుండెను. "ఏమి నాయనా, సముద్రమునకు భయపడి వచ్చితివా?" అని అడిగితిని. "భయపడే వచ్చినాను అయ్యగారూ" అని తిన్నగా జవాబిచ్చెను. "నాకిచ్చిన పట్టా నిలకడ నీళ్లకు. చెరువులో, గాలి లేనిచోట నేర్పొచ్చు అని రాసిచ్చినారు. సముద్రంలో నేర్పేదానికి ఇంకా పై పరీక్ష ఉండాది. దానికి నేనింకా పోలేదు. ఇరవైమంది కాలేజీ పిల్లోళ్లను నాకూ ఇంకొకనికీ అప్పజెప్పి సముద్రంలోకి తీసకపొమ్మన్నారు. నేను పోనన్నాను. పట్టా ఉండాది కదా, నీ ఫోటో కూడా వేసినాం కదా అన్నారు. మళ్లా నన్ను పనికి పిలవలేదు."

ఈ కయాకు అనునది ఏమో మన చదువరులలో ననేకులు చూచియుండరు. మన తుంగభద్రమీద తేలు పుట్టివలె గుండ్రనిది కాదు. సన్నగా, పొడవుగా, పైభాగము మూసియుండును. నడుమనున్న రంధ్రములో కాళ్లు లోపలికి చాచి కూర్చుండి, రెండు కొనలను రెక్కలున్న తెడ్డుతో ఇరుప్రక్కల నీటిని త్రోయవలెను. నడుముచుట్టు ఒక బిగువైన గుడ్డ కట్టి రంధ్రమును మూయుదురు. దీనిని కనిపెట్టినది గ్రీన్‌లాండు మొదలైన మంచుసీమల వేటగాండ్రు. 1733లో మొరేవియను మిషనెరీలు గ్రీన్‌లాండు చేరినప్పుడు అక్కడి మనుష్యులు సీలు తోలు కప్పిన ఇట్టి పడవలలోనే వేటాడుచుండిరి. బోల్తాపడినను పడవను విడువక, తెడ్డు ఊతతోనే తిరిగి పైకి లేచు విద్య వారికుండెను. ఏలయనగా ఆ చల్లనినీట ఎక్కువసేపు ఈదినవాడు బ్రదుకడు.

ఆ పడవను ఇంగ్లీషు దేశములో వినోదమునకు వ్యాపింపజేసినవాడు జాన్ మాక్‌గ్రెగర్ అను భక్తుడు. ఆయన చరిత్ర మనవారు తెలిసికొనదగినది. ఆయన 1825 జనవరిలో పుట్టెను. అయిదు వారముల పసివాడై, తలిదండ్రులతో కెంట్ అను ఓడలో నుండెను. ఆ ఓడ బంగాళమునకు సిపాయిలను తెచ్చుచు, 1825 మార్చి 1వ తేదీన బిస్కే అఖాతములో తుపానునడుమ అగ్నిలో చిక్కెను. ఆ మార్గమున పోవుచున్న కేంబ్రియా అను చిన్న ఓడ ఐదు వందలమందికి పైగా రక్షించెను. మొట్టమొదటి పడవలోనికి చేర్చబడినవారిలో ఈ పసివాడొకడు. పెరిగి న్యాయవాదియై, లండనులోని బీదపిల్లలకు బూట్లు తుడుచు పనియైనను కల్పింపవలెనని 1851లో ప్రయాసపడెను. 1865లో రాబ్ రాయ్ అను చిన్న పడవ కట్టించి యూరోపు నదులమీద ప్రయాణము చేసెను. దారిపొడుగున సువార్త కరపత్రములు పంచెను. 1868-69లో అదే రకపు పడవతో యొర్దాను నదికిని పోయెను. మొదటి ప్రయాణపు పుస్తకముమీద వచ్చిన సొమ్మును రక్షణపడవలు నడుపు సంస్థకును, ఓడ పగిలిన నావికుల సహాయమునకును ఇచ్చెను. నీటినుండి తీయబడినవాడు నీటిలోనివారిని మరువలేదని నాకు తోచుచున్నది.

తరువాత ఈ క్రీడకు సంఘములు పుట్టెను. 1880లో స్థాపింపబడిన అమెరికను కెనూ అసోసియేషను ఇప్పుడు లోకమందనేక దేశములలో నేర్పువారికి పట్టాలిచ్చుచున్నది. అవి మెట్లు మెట్లుగా నుండును. నిలకడనీటికి ఒకటి, తీరమునకు దగ్గరగా నున్న సముద్రమునకు ఒకటి, పెద్దగాలికిని పెద్ద అలలకును మరియొకటి. ఏ మెట్టువాడు ఎంత గాలిలో, ఎంత అలలో నేర్పవచ్చునో ముందే వ్రాసియుండును. నేర్పువానిని తయారుచేయువాడొకడు, వానిని తయారుచేయువాడు మరియొకడు. ప్రథమ చికిత్స నేర్చియుండవలెను. మన దేశములో 1990లో గోవాలో ఏర్పడిన జాతీయ జలక్రీడల సంస్థ కేంద్ర పర్యాటకశాఖ క్రింద నుండి, తీరరక్షకులకును మోటారుపడవలు నడుపువారికిని తరబీతు ఇచ్చుచున్నది.

తాను చూచిన తరబీతును ఆ యువకుడు నేలమీద పుల్లలతో గీసి నాకు చూపెను. మొదట నేర్పునది తెడ్డు వేయుట కాదట. కావలెనని బోల్తాపడి, తలక్రిందుగా నీటిలో వ్రేలాడుచు, తొందరపడక, నడుముగుడ్డ ముందరి పట్టెను లాగి బయటికి వచ్చుట. తరువాత ఒకరినొకరు రక్షించుకొనుట. బోల్తాపడినదాని కొనను తన పడవమీదికి అడ్డముగా ఈడ్చి, వంచి, నీరు కార్చి, తిరిగి తిన్నగా తేల్చి, రెండు పడవలను గట్టిగా కూర్చి పట్టుకొనగా, నీటిలోనివాడు వెనుకనుండి ప్రాకి ఎక్కవలెను. ఇదంతయు రెండు మూడు నిమిషములలో కావలెను. నీటిలో నేను బహు నెమ్మదివాడను గనుక వినుచుండగానే నాకు ఊపిరాడలేదు.

అయితే పరీక్షలో మిక్కిలి కష్టమైనది ఇది కాదని వాడనెను. తాను చేయుట వేరు, చేయించుట వేరు. పరీక్షించువారు, నీ తెడ్డు చూడరట. నీ కన్నులను చూతురట. గుంపులో వెనుకబడినవాడెవడు? నవ్వుచున్నను పెదవులు నీలమైనవాడెవడు? గాలి ఎటునుండి ఎటు వీచుచున్నది? నేర్పువాడు గుంపునకు అపాయమునకు మధ్య నిలిచియున్నాడా, ముందు పోవుచు వెనుకకు చూడకున్నాడా? ఒక్కొక్కనికి అయిదారుగురికంటె ఎక్కువమందిని అప్పగింపరాదు. అన్నిటికంటె, ఈ దినము పోవద్దు అని చెప్పగలవాడా? నేలనుండి సముద్రమువైపు వీచు గాలి బహు మోసకరమైనదని వాడు చెప్పెను. ఒడ్డున నిలిచి చూచిన నీరు అద్దమువలె నుండును. లోపలికి పోయినకొలది గాలి బలిసి, తిరిగి రానియ్యదు. నేను ఈ మాట అంతకుముందెన్నడును వినలేదు.

నేను వానిని ఊరక ఒప్పుకొనలేదు. "కాగితమున్నవాడే రక్షించునా?" అంటిని. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట అను పడవ మునిగినప్పుడు, అందున్న 77 మందిలో 26 మంది ప్రాణములతో బయటపడిరి. వారిని నాటుపడవలలో పోయి తీసినవారు ఆ తీరపు పల్లెజనులు. వారికెవరు పట్టాలిచ్చిరి? నదియే వారికి బడి.

వాడు కొంచెము ఆలోచించి ఇట్లనెను. "వాళ్లు వాళ్ల ఏటిని ఎరిగినవాళ్లు అయ్యగారూ. నేను ఆ సముద్రాన్ని ఎరగను." తరువాత మన చిత్రావతి సంగతి జ్ఞాపకము చేసెను. 2021 నవంబరు వరదలో కారుతో చిక్కినవారిని తీయబోయి, జేసీబీతో వెళ్లినవారును చిక్కుకొనగా, వైమానికదళపు హెలికాప్టరు వచ్చి పదిమందిని పైకి తీసికొనిపోయెను. మంచి మనసుతోనే పోయిరి. ఎరుగనినీట మంచి మనసుకూడ చిక్కుకొనును.

అప్పుడు, తరబీతులో తమకు మొదటిదినము చెప్పిన కథ చెప్పెను. ఇంటికి పోయి నేను విచారించితిని, నిజమే. ఇంగ్లండు దక్షిణతీరమున లైమ్ రీజిస్ అను ఊరినుండి 1993 మార్చి 22న, ప్లిమత్ నుండి వచ్చిన ఎనిమిదిమంది పాఠశాల పిల్లలు, వారి ఉపాధ్యాయుడు, ఇద్దరు శిక్షకులు కయాకులలో బయలుదేరిరి. పోవలసినది మూడు కిలోమీటర్లు మాత్రమే. శిక్షకులకున్న అర్హత బహు స్వల్పము. ఉపాధ్యాయుడు మాటిమాటికి బోల్తాపడుచుండగా ఒక శిక్షకుడు ఆయనయొద్ద నిలిచెను. మిగిలినవారిని గాలి లోపలికి కొట్టుకొనిపోయెను. పడవలు నిండి మునిగెను. సహాయము వచ్చుటకు గంటలు పట్టెను. నలుగురు పిల్లలు చనిపోయిరి. 1994లో ఆ సంస్థయు దాని నిర్వాహకుడును నరహత్య నేరమున దోషులని తీర్పు వచ్చి, నిర్వాహకునికి చెరసాల కలిగెను. 1995లో పిల్లలను ఇట్టి క్రీడలకు తీసికొనిపోవు సంస్థలకు లైసెన్సు ఉండవలెనని అక్కడి పార్లమెంటు చట్టము చేసెను.

ఇందులో నా మనస్సును పట్టిన సంగతి ఒకటి కలదు. ఆ దుర్ఘటనకు ముందటి సంవత్సరము అక్కడ పనిచేసిన ఇద్దరు శిక్షకులు, ఈ పద్ధతి ప్రమాదకరమని ఉద్యోగము మానుకొని, యజమానికి ఉత్తరము వ్రాసి హెచ్చరించిరి. ఆ ఉత్తరము న్యాయస్థానమునకు వచ్చినది. పిల్లలు మాత్రము తిరిగి రాలేదు.

పౌలు ప్రయాణముచేసిన ఓడలో రెండు వందల డెబ్బదియారుగురుండిరి. అక్కడ కూడ ప్రయాణము వద్దని ముందుగా చెప్పినవాడున్నాడు. శతాధిపతి అతని మాటకంటె ఓడనడుపువాని మాటయు యజమానుని మాటయు నమ్మెను. ఓడనడుపువానికి అనుభవములేదని ఎవరనగలరు? బయలుదేరినప్పుడు దక్షిణపు గాలి మెల్లగా వీచుచుండెను. ఊరకులోను తరువాత వచ్చినది.

ఆ పట్టాకు నాలుగేండ్ల గడువేనట. ఆలోగా నేర్పుచుండవలెను, తన విద్యను తిరిగి చూపించుకొనవలెను. లేనియెడల అది చెల్లదు. నేను వేదాంత కళాశాలలో పొందిన పట్టాకు గడువు లేదు. నాలుగేండ్లకొకసారి మన కాపరులు కూడ తిరిగి పరీక్షకు నిలువవలసివచ్చిన, మన డయాసిసులో ఎన్ని గుళ్లు ఖాళీయగునో లెక్కింపను. సంఘపెద్దలు ఈ మాటను కమిటీలో పెట్టరని నమ్ముచున్నాను.

తల్లిని పిలిచి చెప్పితిని. "అమ్మా, నీ కొడుకు పని ఇడిసిపెట్టలేదు, పని అంటే ఏమో తెలిసినవాడు గనుక ఆ పని చేయలేదు. ఇరవైమంది తల్లులు నీకు తెలియకనే నీకు ఋణపడియున్నారు." ఆమె సంతోషింపలేదు. "ఆ ఇరవైమందీ మా వడ్డీ కడతారా అయ్యగారూ?" అని అడిగెను. అందుకు నాయొద్ద జవాబు లేదు. ఉగాదివరకు వడ్డీకి గడువియ్యుమని అప్పిచ్చినవానియొద్దకు నేనును ఒక పెద్దయు పోయి మాటలాడితిమి. అతడు గొణిగి ఒప్పుకొనెను.

యువకుడు రెండు పనులు చేసెను. సముద్రపు మెట్టు పరీక్షకు దరఖాస్తు పెట్టెను. దానికి సొమ్ము కూడవలెను గనుక అంతవరకు ధర్మవరములో ఒక పట్టుచీరల దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు. రెండవది, సంస్థవారికి ఒక ఉత్తరము వ్రాసి, ఇంగ్లీషు దిద్దుమని నాకు తెచ్చెను. ఒక పుట మాత్రమే. ఎంతమందికి ఎందరు శిక్షకులుండవలెనో, ఆ తీరమున ఏ నెలలో గాలి ఎట్లుండునో, తన పట్టా ఎంతవరకు చెల్లునో వ్రాసియుండెను. కోపపు మాట ఒక్కటియు లేదు. రెండు అక్షరదోషములు దిద్ది, ఒక ప్రతి తనయొద్ద ఉంచుకొనుమని చెప్పి, రిజిస్టరు పోస్టులో పంపించితిని. అందినట్లు రసీదు వచ్చినది. జవాబు ఇంకను రాలేదు.